కీమో రాత్రుల్లో పూటకొక్క చరణం

కీమో ఎక్కించుకుని తిరుపతిలో ఇంటికొచ్చిన రాత్రి నిద్ర పట్టేది కాదు. వాంతులు రాకుండా ఇచ్చే స్టెరాయిడ్ వల్లనని చెప్పి, డాక్టరమ్మ ఆ మాత్రను పొద్దున టిఫిన్ తర్వాతకు మార్చింది. నిద్ర కొంత కుదిరింది. భయం మాత్రం తగ్గలేదు.

నవల పట్టుకుంటే రెండో పేజీకొచ్చేసరికి మొదటిది మరిచిపోయేదాన్ని. జుట్టు రాలడం కంటే అదే నన్ను ఎక్కువ ఏడిపించింది. దారి చూపింది మా అక్క. "కథలు పక్కన పెట్టు పాపా. అన్నమయ్య కీర్తనలు తీసుకో, పూటకొక్క చరణం చాలు."

చరణమంటే కొద్ది పాదాలే. మెల్లగా చదివేదాన్ని. అర్థంకాని మాట కింద పెన్సిల్ గీత పెట్టి, ఓపిక ఉన్న రోజు నిఘంటువు తీసేదాన్ని. తిరుమల గుళ్లో రాగిరేకుల మీద తరాల తరబడి చీకట్లో ఉండిపోయిన మాటలు అవి! 500 ఏళ్లు దాటొచ్చి నా ఒళ్లో వాలాయంటే ఎంత ధైర్యమో.

కీమోతో ఇన్‌ఫెక్షన్లను ఎదుర్కొనే తెల్లకణాలు తగ్గుతాయి, జనంలోకి వద్దన్నారు. కొండకు పోలేక, మేడ మీద నుంచి ఘాట్ రోడ్డు దీపాలకే దండం పెట్టుకున్నా. "నాకే ఎందుకు స్వామీ" అని నిలదీశాను కూడా. ఆయన కోపగించుకోడని నా నమ్మకం.

ముడుపు కట్టాను కదా అని మందు మానలేదు. 21 రోజులకొకటి చొప్పున 6 కీమోలూ పూర్తిచేశాను. జ్వరం 100.4 తాకితే అర్ధరాత్రైనా ఆసుపత్రికే.

ముడుపు మొన్న హుండీలో వేసొచ్చా. పుస్తకం ఇంకా దిండు పక్కనే ఉంది.