దొరల సమాధుల్లో ఊరి చరిత్ర చదవడం ఎలా?

బందరు, భీమిలి, గుత్తి, హైదరాబాద్... పాత రేవో, కోటో, దండు విడిదో ఉన్న చాలా ఊళ్ళలో ఒక మూల దొరల సమాధులు కనిపిస్తాయి. అక్కడికి వెళ్ళేవాళ్ళలో కొందరిది దెయ్యం వీడియోల గోల. కొందరు అన్నిటికన్నా పెద్ద గోరీ ముందు ఫొటో దిగి, దానికో ప్రేమకథ అల్లి పెడతారు. ఇంకొందరు నిజంగానే చరిత్ర తెలుసుకుందామని, చేతిలో చాక్‌పీసుతో బయల్దేరతారు. నా కోపం ముఖ్యంగా ఈ మూడోవాళ్ళ మీదే. దెయ్యాలవాళ్ళ వల్ల రాయికి పెద్దగా నష్టం ఉండదు.

ముందు అనుమతి, తర్వాత సామాను

సమాధుల తోట చర్చిదైతే పాస్టరుగారిని అడగండి. పురావస్తు శాఖ బోర్డు ఉంటే అక్కడి కాపలా మనిషితో మాట్లాడండి. గేటుకు తాళం ఉంటే గోడ దూకవద్దు, తాళం ఎవరి దగ్గర ఉందో పక్కింటివాళ్ళే చెబుతారు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాన్ని పాడుచేస్తే చట్ట ప్రకారం రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

గీతలు లేని నోటుబుక్కు, పెన్సిలు, టార్చి, గొడుగు, ఒక అద్దం, మంచినీళ్ళు తీసుకెళ్ళండి. బూట్లు తప్పనిసరి, పొదల్లో పాములుంటాయి. పెన్ను వద్దు, పెన్సిలే వాడాలి. ఇద్దరు వెళ్ళాలి. ముగ్గురైతే కబుర్లు, ఒక్కరైతే అద్దం పట్టుకునేవాళ్ళుండరు. శీతాకాలం పొద్దున ఏడింటికల్లా అక్కడ ఉండాలి. వేసవిలో పదింటికి వెళ్ళి ఏమీ కనబడలేదనేవాళ్ళకు నేను చెప్పేదేమీ లేదు.

గేటు నుంచి ఎడమకు

లోపలికి వెళ్ళగానే కాళ్ళు పెద్ద గోరీ వైపు లాగుతాయి. వెళ్ళకండి. గేటు దగ్గర నుంచి ఎడమ గోడ వెంబడి మొదలుపెట్టి వరుసలు తిరుగుతూ ప్రతి రాయికీ నోటుబుక్కులో ఒక నంబరు ఇవ్వండి. రాత లేని రాయికీ, విరిగిన ముక్కకూ నంబరు ఉండాలి. ఏది ఎక్కడుందో ఒక మోటు పటం గీయండి. కుడి నుంచి మొదలుపెడితే కొంపేమీ మునగదు గానీ, అందరూ ఒకే పద్ధతి పాటిస్తే రెండేళ్ళ తర్వాత వచ్చినవాళ్ళు మీ పటాన్ని వాడుకోగలుగుతారు.

పెద్ద గోరీ ఎందుకు వద్దంటానో చెప్తాను. అది ఆ మనిషి దగ్గర, లేదా అతని కుటుంబం దగ్గర ఎంత డబ్బుందో చెబుతుంది, అంతే. ఊరి సంగతి కావాలంటే చిన్న రాళ్ళన్నీ వరుసగా చదవాలి. డచ్చివాళ్ళు, అంటే హాలండ్‌వాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో బందరుకు వ్యాపారానికి వచ్చారు. 1824 ఒప్పందంతో డచ్చివాళ్ళు భారతదేశంలోని తమ స్థావరాలన్నీ ఇంగ్లీషువాళ్ళకు అప్పగించారు. చరిత్ర పుస్తకంలో ఇది రెండు వాక్యాల సంగతి. సమాధుల తోటలో మాత్రం రాతి మీది భాషే మారిపోతూ కనిపిస్తుంది. డచ్చి, లాటిన్ పలకలు, ఆ తర్వాత ఇంగ్లీషు రాళ్ళు, ఇంకా తర్వాత ‘ప్రభువునందు నిద్రించెను’ అనే తెలుగు రాళ్ళు. ఉద్యోగాలు కూడా అంతే. మొదట వర్తకులు, ఓడ కెప్టెన్లు, తర్వాత సిపాయి పటాలాల అధికారులు, ఆపైన కలెక్టరాఫీసు, ఇరిగేషన్, రైల్వే, మిషనరీ బడి. ఏ రాయి నుంచి ఏ పదం మొదలైందో రాసుకుంటే ఆ ఊరికి ఎవరు ఎందుకు వచ్చారో అక్కడే తెలిసిపోతుంది.

తేదీలు ఒకచోట గుంపు కట్టాయేమో కూడా చూడండి. ఒకే వారంలో నలుగురు పోయారంటే కలరానో, యుద్ధమో, తుపానో అయి ఉండాలి. బందరులో 1864 నవంబరు 1 అన్న తేదీ కనబడితే అక్కడ ఆగండి. ఆ రాత్రి తుపాను ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారని లెక్క. అందులో రాయి దక్కినవాళ్ళు ఎందరుంటారు?

రాత చదవడం: చాలామంది చెడగొట్టేది ఇక్కడే

ఇదొక్కటీ నెమ్మదిగా చదవండి. మిగతావాటిలో తప్పు చేస్తే మళ్ళీ వెళ్ళి సరిచేసుకోవచ్చు. ఇక్కడ తప్పు చేస్తే రాయి మిగలదు.

అరిగిన అక్షరాలు కనబడటానికి చాక్‌పీసు రుద్దడం, గోధుమపిండి చల్లడం, షేవింగ్ ఫోమ్ పూయడం, నూనె రాయడం, వైర్ బ్రష్షుతో గీకడం, యాసిడ్‌తో కడగడం, వీటిలో ఏదీ చేయకూడదు. యాసిడ్ పాలరాయినీ సున్నపురాయినీ కరిగించేస్తుంది. పిండి రాతి సందుల్లో చేరి బూజుకు మేత అవుతుంది. నూనె దుమ్మును పట్టి ఉంచుతుంది. ఫోమ్‌లోని రసాయనాలు కడిగినా పూర్తిగా పోవు. గుళ్ళో విగ్రహానికి నూనె రాస్తారు కదా అంటారు కొందరు. ఆ విగ్రహానికి రోజూ అభిషేకం చేసి తుడిచేవాళ్ళున్నారు. ఈ రాయికి ఎవరున్నారు?

చాక్‌పీసుతో ఇంకో చిక్కుంది, అది రాయి దెబ్బతినడం కన్నా పెద్దది. అరిగిన చోట చాక్‌పీసు మీకు తోచిన దారిలో నడుస్తుంది. మీరు 3 అనుకుంటే 3 తేలుతుంది, 8 అనుకుంటే 8. మీ వెనక వచ్చినవాడు రాయిని చూడడు, మీ చాక్‌పీసు గీతను చదువుతాడు. దాన్ని ఫొటో తీసి ఇంకొకడు పంచుతాడు. ఆ మనిషి అయిదేళ్ళు ఆలస్యంగా చనిపోయినట్టు ఊరంతా స్థిరపడిపోతుంది.

శాసనాల మీద కాగితం పరిచి సిరాతో ముద్రలు తీస్తారు కదా, మేమూ తీస్తామని ఇంకొందరు బయల్దేరతారు. తడి కాగితాన్ని బ్రష్షుతో కొట్టి గాళ్ళలోకి దించడం నేర్చుకున్నవాళ్ళ పని. ఏ రాయి ఆ దెబ్బ తట్టుకుంటుందో వాళ్ళకు తెలుసు. పొరలు లేస్తున్న సమాధి పలక మీద మీరు ఆ ప్రయోగం చేస్తే కాగితంతో పాటు అక్షరాలు కూడా ఇంటికి వస్తాయి. కాగితం పెట్టి క్రేయాన్ రుద్దడం కూడా నా లెక్కలో అలాంటిదే.

కావలసిందల్లా పక్క వెలుగు. ఎండ నడినెత్తిన ఉంటే గాడిలో నీడ పడదు, అందుకే అక్షరం కనబడదు. వెలుగు పక్కనుంచి, దాదాపు రాతి మీద పాకుతున్నంత వాలుగా పడితే వేలికి కూడా తగలని గాడి నల్లగా తేలుతుంది. నేల మీద పరిచిన డచ్చి పలకలకు పొద్దుటి ఎండ చాలు. నిలబెట్టిన రాయికి ఎండ అందకపోతే, తోడు వచ్చినవాళ్ళు ఎండలో నిలబడి అద్దంతో వెలుగును రాయి అంచుకు తిప్పాలి. చేతి అద్దం కన్నా కాస్త పెద్దదైతే మంచిది. అదీ కుదరకపోతే గొడుగుతో రాయి మీద నీడ చేసి, టార్చిని పక్కనుంచి వేయండి. గొడుగు తెమ్మన్నది ఇందుకే, వానకు కాదు.

ఫోను కదలకుండా పట్టుకుని వెలుగును మాత్రం నాలుగు వైపుల నుంచీ మారుస్తూ నాలుగు ఫొటోలు తీయండి. నిలువు గీతలు ఒక వెలుగులో, అడ్డగీతలు ఇంకో వెలుగులో తేలతాయి. ఇంటికి వచ్చాక ఫొటోను బ్లాక్ అండ్ వైట్ చేసి, నెగటివ్‌గా తిప్పి చూస్తే ఇంకో రెండు మూడు అక్షరాలు దొరుకుతాయి. ఫోనులో రాత చదివే యాప్‌ను నమ్మొద్దు. దానికి తెలియని అక్షరాన్ని తెలిసిన మాటగా మార్చేస్తుంది, పైగా సిగ్గుపడదు.

రాయి మీద ఎలా ఉందో నోటుబుక్కులో అలాగే దించాలి. ఒక వరుసకు ఒక వరుస. స్పెల్లింగు తప్పుంటే తప్పే రాయాలి. చదవలేని అక్షరానికి ఒక చుక్క, అనుమానం ఉన్నదానికి పక్కన ప్రశ్నార్థకం. ఈ తీరంలో చెక్కిన సమాధి పలకలు ఓడలెక్కి బటావియా దాకా, అంటే ఇప్పటి జకార్తా దాకా వెళ్ళాయి, అంత పేరున్న పనితనం. చెక్కేవాడు తనకు రాని భాషను కాగితం చూసి చెక్కినప్పుడు ఎన్ అక్షరం తిరగబడటం, ఒక మాట మధ్యలో తెగి కింది వరుసకు పోవడం మామూలే. ఆ తప్పులు కూడా చరిత్రే, మీరు దిద్దకండి. పాత ఇంగ్లీషులో మాట మధ్యలోని ఎస్, ఎఫ్‌లా కనిపిస్తుంది. అదొక్కటీ గుర్తుపెట్టుకుంటే సగం వింత పేర్లు మామూలు పేర్లయిపోతాయి.

ఇక తేదీ. ఇక్కడ పండితులు కూడా జారతారు.

రోమన్ అంకెల్లో ఎం 1000, డి 500, సి 100, ఎల్ 50, ఎక్స్ 10 అని బళ్ళో చదివే ఉంటారు. పాత రాళ్ళ మీద ఎం బదులు సి, ఐ, తిరగేసిన సి పక్కపక్కన ఉంటాయి. అది 1000. ఐ, తిరగేసిన సి మాత్రమే ఉంటే 500. 7 అంకె పక్కన బి, ఇ, ఆర్ ఉంటే అది జులై కాదు, సెప్టెంబరు. అలాగే 8 అక్టోబరు, 9 నవంబరు, ఎక్స్ డిసెంబరు. ఏడో నెల అని లెక్కపెట్టి ఎందరో మనుషుల్ని రెండు నెలల ముందే చంపేశారు.

1752 వరకు ఇంగ్లీషువాళ్ళ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అంటే ఇంగ్లీషు రాయి మీద జనవరి 1702 అని ఉంటే మన లెక్కలో అది 1703 కావచ్చు. కొన్ని రాళ్ళ మీద ఏళ్ళు రెండూ, ఒకదాని కింద ఒకటి గీత పెట్టి చెక్కుతారు. హాలండ్‌వాళ్ళు 1583లోనే, ఇప్పుడు మనం వాడే కొత్త క్యాలెండర్‌కు మారిపోయారు, ఇంగ్లీషువాళ్ళు 1752 దాకా పాతదే వాడారు. కాబట్టి ఒకే ఊళ్ళో ఒకే రోజు పోయిన డచ్చి వర్తకుడికీ, ఇంగ్లీషు వర్తకుడికీ రాళ్ళ మీద పది రోజుల తేడా ఉంటుంది. 1700 దాటాక అది పదకొండు రోజులు. తేదీని మార్చి రాసుకోవద్దు. రాయి మీదిది అలాగే ఉంచి, మీ లెక్క పక్కన వేరే రాయండి.

వయసు దగ్గర ఇంకో గొయ్యి. ‘23వ ఏట’ అని ఉంటే అతనికి నిండినవి 22 ఏళ్ళు. మనమూ అలాగే అంటాం, అయినా ఇంగ్లీషులో కనబడేసరికి అందరూ 23 ఏళ్ళు అని రాసేస్తారు. లాటిన్‌లో అయితే ఎ, ఇ, టి అన్న పొట్టి మాట వయసును చెబుతుంది. ఓ, బి, ఐ, ఐ, టి అంటే మరణించాడని. హైదరాబాద్ ఉప్పుగూడలోని ఆర్మేనియన్ సమాధుల లాంటి చోట సంవత్సరం అంకెల్లో కాక, అంకెలుగా వాడే ఆర్మేనియన్ అక్షరాల్లో కూడా ఉండొచ్చు. ఆర్మేనియన్ శకానికి 551 కలిపితే మన వాడుక సంవత్సరం వస్తుంది.

ఒక అంకె 3, 8ల మధ్య ఊగుతుంటే అదే రాయి మీద ఇంకోచోట అదే అంకె ఉందేమో వెతకండి. చెక్కిన చెయ్యి ఒకటే కాబట్టి పోల్చి చూడొచ్చు. పుట్టిన తేదీ, వయసు, పోయిన తేదీ మూడూ ఉంటే కూడి చూడండి. మూడూ కలిశాకే ఆ అంకె మీద ఉన్న ప్రశ్నార్థకాన్ని చెరపాలి. పెన్సిలు ఎందుకన్నానో ఇప్పుడు అర్థమైందా?

గుర్తులు

పుర్రె, ఎముకలు, రెక్కలున్న ఇసుక గడియారం కనిపిస్తే భయపడాల్సిన పనిలేదు, కాలం ఆగదని చెప్పే ఆనాటి అలవాటు అది. తలకిందులైన దివిటీ, విరిగిన స్తంభం చావుకు గుర్తులు. కవచం బొమ్మ కుటుంబ చిహ్నం, దాన్ని వివరంగా ఫొటో తీసుకోండి. పేరు అరిగిపోయినప్పుడు అదే దిక్కు. ఇంతకుమించి గుర్తులకు అర్థాలు వెతకొద్దు.

ఇంటికి వచ్చాక

రాయి ఉన్నచోట మనిషి ఉంటాడని నమ్మకం లేదు. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రోనే చూడండి. 1827 జులైలో పత్తికొండ దగ్గర కలరాతో పోతే గుత్తిలో పాతిపెట్టారు, తర్వాత అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. గుత్తి ఒక్కటే చూసినవాడికీ, మద్రాసు ఒక్కటే చూసినవాడికీ సగం కథే తెలుస్తుంది. ఎవరు, ఎప్పుడు రాయి వేయించారో చివరి వరుసల్లో ఉంటుంది. దాన్ని వదిలేయకండి.

తేదీ చేతికొచ్చాక దానికి అటూ ఇటూ ఆరేడు నెలలు ఏం జరిగిందో చూడాలి. నిజాం కొలువులో ఫ్రెంచి పటాలాన్ని నడిపిన రేమండ్ 1798 మార్చి 25న పోయాడు. సెప్టెంబరులో నిజాం ఇంగ్లీషువాళ్ళతో ఒప్పందం చేసుకున్నాడు. అక్టోబరుకల్లా ఆ ఫ్రెంచి పటాలం రద్దయింది. మలక్‌పేట దగ్గరి ఆ సమాధి దగ్గర నిలబడి ఈ మూడు తేదీలూ పక్కపక్కన రాసుకుంటే ఏ ప్రేమకథా అక్కర్లేదు.

పేరు, తేదీ ఉన్నాయంటే చర్చి రిజిస్టరు చూడండి. మద్రాసు ప్రెసిడెన్సీ జనన, వివాహ, ఖనన రిజిస్టర్ల నకళ్ళు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. బ్రిటిష్ ఇండియా కుటుంబాల సంఘం ఫిబిస్ వెబ్‌సైట్‌లో చాలా పేర్లు ఉచితంగా వెతకొచ్చు. డచ్చి పేరైతే హేగ్‌లోని జాతీయ ఆర్కైవ్స్, లేదా చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్న డచ్చి రికార్డులు. రాయికీ రిజిస్టరుకూ తేడా వస్తే, నేను తేదీకి రిజిస్టరునూ, పేరు స్పెల్లింగుకు రాయినీ నమ్ముతాను. రిజిస్టరు రాసినది ఆ రోజుల్లోనే, రాయి ఎన్ని నెలలకు వచ్చిందో తెలియదు.

మీ నోటుబుక్కు పేజీల జిరాక్సు ఒకటి, పటంతో సహా, అనుమతి ఇచ్చిన పాస్టరుగారికో కాపలా మనిషికో ఇచ్చి రండి. నంబర్లు, ప్రశ్నార్థకాలు అలాగే ఉండాలి. సాఫీ ప్రతి రాసి అందంగా ఇద్దామని అనుమానాలన్నీ తీసేసి ఇవ్వకండి.