చదివే అలవాటు మళ్లీ ఎలా తెచ్చుకోవాలి?

తమ్ముడూ, "జీవితం మారిపోయే పుస్తకం ఒకటి చెప్పన్నా" అని అడిగేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. పేరు చెప్పడం క్షణం పని. తీరా కొన్నాక నలభయ్యో పేజీ దగ్గర ఆగిపోతారు. నేనూ అలా ఆగినవాణ్నే. అందుకే పుస్తకం సంగతి తర్వాత, ముందు పద్ధతి చెబుతాను.

1. మొదట డబ్బు పెట్టకు

మీ ఊళ్లోనో, దగ్గర్లోని పట్నంలోనో శాఖా గ్రంథాలయం ఉంటుంది. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు కూర్చుని ఉంటారు కాబట్టి అది మనకోసం కాదనుకుంటాం. కానీ మీ ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కలిసే ఉంటుంది. అంటే చందా ఎప్పుడో కట్టేశారు! కొద్దిపాటి డిపాజిట్‌తో సభ్యత్వం తీసుకుంటే పుస్తకం ఇంటికి తెచ్చుకోవచ్చు. తిరిగివ్వాల్సిన తేదీ వేసిస్తారు చూడు, మనలాంటి బద్ధకస్తులకు అదే మందు. 1935లో గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు వేసుకుని జనం దగ్గరికే తీసుకెళ్లారు. మనం బస్టాండు పక్కన ఉన్నదానికి కూడా వెళ్లం.

హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూడు. బేరం ఆడొచ్చు. పెద్ద పుస్తక ప్రదర్శనలకు మాత్రం చీటీ రాసుకుని వెళ్లు. లేకపోతే సంచి నిండుతుంది, చదువు సాగదు.

2. కథలతో మొదలుపెట్టు

వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు ఇప్పుడే వద్దు. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోనివాళ్లు చాలామందే ఉన్నారు. అవి చదువుతున్నంతసేపూ ఊపుగా ఉంటుంది. పొద్దున్నే అయిదింటికి లేవమంటాయి. మూడోరోజు లేవలేకపోతే, పాత టెన్షన్లకు ఇదొకటి తోడు.

కథల సంపుటి అయితే ఒక్కో కథా ఒక్క విడతలో అయిపోతుంది. మీ ప్రాంతం యాసలో రాసినవి వెతుకు. నానమ్మ మాట్లాడే మాట అచ్చులో కనబడితే చదువు దానంతటదే సాగుతుంది. ఆ తర్వాత ఆత్మకథలు. అప్పులు, తప్పులు, పరువు పోయిన సందర్భాలు దాచకుండా రాసినవాళ్ల దగ్గర నేర్చుకునేది ఎక్కువ.

3. రోజుకు పది పేజీలు

అంతే, ఎక్కువ వద్దు. 200 పేజీల పుస్తకం 20 రోజుల్లో అయిపోతుంది. ఫోన్ సైలెంట్‌లో పెడితే చాలదు, పక్క గదిలో పెట్టాలి. తెలియని మాట దగ్గర ఆగకుండా పెన్సిల్‌తో గీత గీసి ముందుకెళ్లు (సొంత పుస్తకమైతేనే సుమా). తర్వాత ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో చూసుకో, అక్కడ చాలా నిఘంటువులు ఒకేచోట దొరుకుతాయి. 50 పేజీలు చదివినా మనసు పట్టకపోతే మొహమాటం లేకుండా వదిలేయ్.

4. పుస్తకం మూసి రాయి

చూసి రాస్తే అది కాపీ. మూసేసి, గుర్తున్నది రెండు వాక్యాల్లో నీ మాటల్లో రాయి. ఏమీ రాకపోతే కళ్లు మాత్రమే చదివాయన్నమాట, ఆ పేజీలు మళ్లీ చదువు.

పుస్తకం పూర్తయ్యాక అందులోంచి ఒక్క పని ఎంచుకుని నెల రోజులు చెయ్యి. నేను ఒక ఆత్మకథ చదివాక రోజు ఖర్చు రాయడం మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి టీలు, సిగరెట్ల లెక్క చూసి నోట మాట రాలేదు. సిగరెట్లు పూర్తిగా మానలేదు, సగానికి తగ్గాయి.

5. ఎవరికైనా చెప్పు

టీకొట్టు దగ్గర స్నేహితుడికి కథ చెప్పి చూడు. ఎక్కడ తడబడ్డావో అక్కడ నీకు సరిగ్గా అర్థం కాలేదు. వాడు "తర్వాతేమైందిరా?" అని అడిగితే పుస్తకం వాడి చేతిలో పెట్టు. గ్రంథాలయం పుస్తకమైతే మాత్రం ముందు గడువు పొడిగించుకుని మరీ ఇవ్వు.