మధ్యయుగపు తోట, 3వ పాఠం: పేరు పాతది, మొక్క కొత్తది

మడులు కొలిచి ముగ్గు గీతలు వేయడం పోయిన పాఠంలో అయింది. ఇప్పుడు వాటిలో ఏం నాటాలి?

ముందు కాలం తేల్చుకోండి. మధ్యయుగం అంటే దాదాపు వెయ్యేళ్లు, అన్నీ కలిపేస్తే కలగూరగంప అవుతుంది. మనం తొమ్మిదో శతాబ్దపు ఐరోపా మఠాన్ని పట్టుకుందాం. సుమారు 820లలో గీసిన సెయింట్ గాల్ మఠం పటం ఇప్పటికీ స్విట్జర్లాండ్‌లో ఉంది. అందులో కూరల తోటకు 18 మడులు, మందుమొక్కల తోటకు 16. ఏ మడిలో ఏది వేయాలో లాటిన్‌లో రాసే ఉంది: ఉల్లి, వెల్లుల్లి, కొత్తిమీర, ముల్లంగి, మెంతి, జీలకర్ర, సోంపు, సదాపాకు...

జాబితా చేతిలో ఉంది కదా, ఇక పని తేలికే అనుకున్నాను నేను. మందుమొక్కల మడుల్లో ఒకదాని మీద 'ఫాసియోలో' అని చూసి, బీన్స్ కదా అని ఫ్రెంచ్ బీన్స్ వేశాను. తీగ ఏపుగా ఎదిగాక తెలిసింది, అది అమెరికా మొక్క అని! ఆ రోజుల్లో ఆ పేరు అలసందలకు ఉండేది. కొలంబస్ అమెరికా చేరిన 1492 తర్వాత అక్కడి బీన్స్ వచ్చి పేరు లాగేసుకున్నాయి. ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్ తన ఎస్టేట్ల కోసం ఇచ్చిన ఆజ్ఞల్లో కనిపించే 'కుకుర్బిటా' కూడా ఇలాంటిదే. అది గుమ్మడి కాదు, సొర.

అందుకే ప్రతి మొక్కనూ మొదట 'ఎక్కడ పుట్టావు?' అని అడగండి. టమాటా, బంగాళాదుంప, మిరప, మొక్కజొన్న, పొద్దుతిరుగుడు అమెరికావి కాబట్టి ఇక్కడే ఆగిపోతాయి. బంతి కూడా మెక్సికోదే. ఆ పసుపు రంగు పూలు కావాలంటే క్యాలెండ్యులా ఉంది.

తర్వాత రకం చూడండి. గులాబీ పటంలో ఉంది కానీ, నెలల తరబడి పూసే నేటి గులాబీల వెనక 18వ శతాబ్దం చివర చైనా నుంచి వచ్చిన రకాలున్నాయి. మనకు కావాల్సింది పాతకాలపు ఐరోపా రకమైన గాలికా గులాబీ; అది ఏడాదికి ఒక్కసారే, వేసవి మొదట్లో పూస్తుంది. మిగతా నెలలు పచ్చగా ఉంటుందంతే, టెన్షన్ పడకండి. క్యాబేజీలో గట్టిగా గుండ్రంగా చుట్టుకునేది కాకుండా, ఆకులు విడిగా ఉండే రకం వేయండి.

సదాపాకు తెంపేటప్పుడు గ్లౌజులు వేసుకోండి. దాని రసం అంటిన చోట ఎండ తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది.

ఈ వారం అభ్యాసం: మీకు నచ్చిన పది మొక్కలు రాసి, పక్కన పుట్టిన చోటు, ఆనాటి పేరు, మీకు దొరికే రకం నింపండి. ఖాళీ మిగిలిన గడికి ఎదురుగా ఉన్న మొక్కను ఇప్పుడే కొనకండి. వచ్చే పాఠంలో విల్లో అనే చెట్టు కొమ్మలతో మడుల చుట్టూ దడి అల్లుదాం. కొమ్మలు పచ్చివే తెచ్చుకోండి, ఎండినవి వంచితే విరుగుతాయి.