తప్పు సైటుది కాదు, రిలీజ్‌ది

కాంపౌండ్ బో (కప్పీలున్న విల్లు) పట్టిన కొత్తలో, 50 మీటర్ల దగ్గర బాణాలు అటూ ఇటూ పోతుంటే గురి చూసే సైటునే తిట్టుకున్నాను. ప్రాక్టీస్ అయ్యాక రిలీజ్ (నారిని హుక్కుతో పట్టుకుని, ట్రిగ్గర్ నొక్కితే వదిలే పరికరం) పట్టీ విప్పితే మణికట్టు చుట్టూ ఎర్రటి గీత, వేళ్లలో తిమ్మిరి.

ఒకరోజు ఫోన్‌లో వీడియో తీసి చూసుకున్నాను. పట్టీ వదులై, లాగేకొద్దీ అరచేతిలోకి జారుతోంది. ట్రిగ్గర్ చూపుడువేలి కొసకే అందుతోంది. కొసతో ఏం చేస్తాం? సైటు చుక్క టార్గెట్ మధ్యలోని పసుపులోకి రాగానే టక్కున నొక్కేస్తాం!

పట్టీని మణికట్టు ఎముక దాటించి బిగించాను. పట్టీకీ హుక్కుకీ మధ్య కడ్డీని కాస్త పొట్టి చేశాను. ఇప్పుడు ట్రిగ్గర్ వేలి మధ్య కణుపు దగ్గర కూర్చుంటోంది. వేలిని కొక్కెంలా వంచి ఉంచి వీపుతో లాగుతుంటే, బాణం దానంతటదే వెళ్లిపోతోంది. యాంకర్ (నారి పూర్తిగా లాగాక చెయ్యి ముఖానికి ఆనే చోటు) కొద్దిగా మారింది కాబట్టి పీప్ (నారిలో ఉండే, గురి చూసే చిన్న రంధ్రం), సైటు మళ్లీ సరిచూసుకోవాల్సి వచ్చింది.

తర్వాత ఫ్రెండ్ దగ్గర చేత్తో పట్టుకునే బొటనవేలి బటన్ రిలీజ్ అడిగి తీసుకుని వేశాను. పట్టీ గొడవే లేదు. నాది చిన్న చెయ్యి, అందుకే నాలుగు వేళ్లదానికంటే మూడు వేళ్లదే హాయిగా అనిపించింది. ఒక్కటి మాత్రం: చూపుడువేలి రిలీజ్‌తో లాగేటప్పుడు వేలు ట్రిగ్గర్ వెనకే ఉండాలి. ఒకసారి మరిచిపోయి లాగుతుండగానే ట్రిగ్గర్ నొక్కుకుపోయి నా పిడికిలితో నా దవడే పగలగొట్టుకోబోయాను.