నల్లమల దారిలో శ్రీశైలానికి: సంచి సర్దే ముందు జాగ్రత్తలు

శివరాత్రికో ఉగాదికో వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలం నడిచేవారు ముందురోజే సంచి సర్దుకోవాలి.

• నీళ్లతో కలిపి బరువు మీ ఒంటి బరువులో పదోవంతుకు మించనివ్వకండి. 60 కిలోల మనిషికి 6 కిలోలు. మించితే ముందు తీయాల్సింది బట్టలే. మార్చుకోవడానికి ఒక జత చాలు.

• దుప్పటి అడుగున పెట్టండి, రాత్రిదాకా దానితో పనిలేదు. నీళ్లసీసా వంటి బరువైనవి వీపుకు ఆనుకొని, నడుముకు పైన ఉండాలి. బరువు వీపుకు దూరమైతే సంచి వెనక్కి లాగుతుంది. భీముని కొలను లోయ దిగి, కైలాసద్వారం వైపు నిట్టనిలువు రాతిమెట్లు ఎక్కేటప్పుడు ఆ తేడా భుజాలే చెబుతాయి. పట్టీలు కూడా బిగించి చూసుకోండి. వదులుగా వేలాడే సంచి అడుగడుగునా నడుముకు కొట్టుకుంటుంది.

• టార్చి, రోజువారీ మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లాలు, బొబ్బలకు అంటించే పట్టీలు పై అరలో. చీకట్లో సంచంతా కుమ్మరించే పని ఉండదు.

• అరటిపండ్లు పక్క జేబుల్లో వద్దు. కోతులు మీకన్నా ముందే చూస్తాయి.

• ఇది పెద్దపులులు తిరిగే అడవి. ప్లాస్టిక్ కవర్లు మానేసి గుడ్డసంచులు వాడండి. కర్పూరం తీసుకెళ్లినా దారిలో వెలిగించకండి. ఎండాకులకు నిప్పురవ్వ చాలు.

• కొత్త చెప్పులా? అసలు వద్దు.

• సర్దాక నిండు సంచితో ఊళ్లోనే ఒక గంట నడిచి చూడండి.