రాత్రి కార్యక్రమానికి సైకిల్ మీద వెళ్తుంటే, తిరిగొచ్చే దారి ముందు చూసుకోండి

సాయంత్రం కచేరీ ఉంది, లేదా నాటకమో మ్యాచో ఉంది. ట్రాఫిక్‌లో ఇరుక్కోవడం, పార్కింగ్ కోసం తిరగడం ఎందుకని సైకిల్ మీద వెళ్దామనుకున్నారు. మంచి ఆలోచన. అయితే దారి వెతికేటప్పుడు మనలో చాలామంది అక్కడికి ఎలా చేరాలన్నది మాత్రమే చూస్తారు. అది ఇంకా వెలుగు ఉండగా, ఒంట్లో ఓపిక ఉండగా చేసే ప్రయాణం. అసలు కష్టం తిరిగొచ్చేటప్పుడు ఉంటుంది. చీకటి, అలసట, ఒకేసారి బయటికి వచ్చిన జనం, ఇంటికి చేరాలనే తొందరలో ఉన్న వందల బండ్లు. కాబట్టి ముందు తిరుగు దారి ఖాయం చేసుకోండి, వెళ్లే దారి సంగతి ఆ తర్వాత చూడవచ్చు. రెండూ ఒకటే కానక్కర్లేదు, చాలాసార్లు కాకపోవడమే మంచిది.

ఎందుకంటే ఒకే రోడ్డు రెండు వైపులా ఒకేలా ఉండదు. వెళ్లేటప్పుడు అంచున ఉంటూనే సులువుగా తిరిగిన మలుపు, వచ్చేటప్పుడు రోడ్డంతా అడ్డంగా దాటి తిరగాల్సిన మలుపు అవుతుంది. వన్ వే అయితే ఆ దారే ఉండదు. వెళ్లేటప్పుడు మెల్లగా ఎక్కిన ఎత్తు, రాత్రి వచ్చేటప్పుడు వేగంగా దిగే వాలు అవుతుంది. ఆ వాలులో ఉన్న గుంత వెలుగులోనైతే కనిపించేదే, చీకట్లో దగ్గరికి వచ్చేదాకా కనిపించదు.

దారిని దానిలోని అతి కష్టమైన ముక్కతో కొలవండి

నగరాల్లో సైకిల్ దారులను అంచనా వేయడానికి 'ట్రాఫిక్ ఒత్తిడి స్థాయి' అనే పద్ధతి ఒకటి ఉంది. 2012లో అమెరికాలోని మినెటా రవాణా సంస్థ ప్రచురించిన నివేదికలో మెకూరియా, ఫర్త్, నిక్సన్ అనే ముగ్గురు పరిశోధకులు దీన్ని వివరించారు. రోడ్లను నాలుగు స్థాయిలుగా విడదీస్తారు. ఒకటో స్థాయి పిల్లలు కూడా వెళ్లగలిగేది. రెండోది పెద్దవాళ్లలో ఎక్కువమంది భయం లేకుండా తొక్కగలిగేది. మూడోది అలవాటు, నమ్మకం ఉన్నవాళ్లకు. నాలుగోది దేనికీ జంకని కొద్దిమందికి. ఇందులో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. దారి మొత్తం స్థాయిని సగటు తీసి చెప్పరు, అందులోని అతి కష్టమైన ముక్క ఏ స్థాయిలో ఉంటే దారంతా ఆ స్థాయిదే. ఏడు కిలోమీటర్లు ప్రశాంతమైన వీధులే అయినా, మధ్యలో మూడు వందల మీటర్లు ఫ్లైఓవర్ పక్కన బండ్ల మధ్య నలగాల్సి వస్తే, అది మీకు మంచి దారి కాదు.

కాబట్టి మ్యాప్ తెరిచి దూరం చూడకండి. ఈ దారిలో నన్ను భయపెట్టే చోటు ఏది, దాన్ని తప్పించుకునే సందు ఏది అని వెతకండి. చుట్టు తిరిగితే ఎంత సమయం పోతుందో లెక్క కట్టండి. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో తొక్కేవారికి రెండు కిలోమీటర్లు అదనమైతే పట్టేది ఎనిమిది నిమిషాలు. ఎనిమిది నిమిషాల కోసం పెద్ద రోడ్డు ఎక్కడం నా దృష్టిలో అస్సలు సరైన బేరం కాదు.

పెద్ద రోడ్డంటే ఎందుకింత భయం? అక్కడి వేగం వల్ల. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు వచ్చేస్తుంది. 30 మీద వచ్చే బండితో పోలిస్తే దాని ఢీకొట్టే శక్తి దాదాపు 2.8 రెట్లు. నడిచేవాళ్లు, సైకిలిస్టులు బండ్లతో కలిసి ఉండే చోట వేగం 30కి మించకూడదని 2020 ఫిబ్రవరిలో ప్రపంచ దేశాల ప్రతినిధులు చేసిన స్టాక్‌హోమ్ ప్రకటన అడిగింది కూడా ఇందుకే. బోర్డు మీద ఏముందన్నది ఒక్కటే చూడకండి, రాత్రి రోడ్డు ఖాళీ అయ్యాక బండ్లు నిజంగా ఎంత వేగంతో పోతాయో చూడండి. పగలు ట్రాఫిక్ జామ్‌తో నత్తనడకన సాగే రోడ్డే రాత్రి పది దాటాక రేస్ ట్రాక్ అయిపోతుంది. దానికి సమాంతరంగా స్పీడ్ బ్రేకర్లున్న కాలనీ వీధి ఉంటే అదే పట్టండి.

కచ్చితంగా తప్పించుకోవాల్సిన చోట్లు

అన్నిటికంటే ముందు లారీలు, బస్సులు మలుపు తిరిగే జంక్షన్లు. పెద్ద బండి తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారినే రావు, ఇంకా లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఆ పక్కన సైకిల్ ఉందన్న సంగతి డ్రైవర్‌కి అద్దంలో కనిపించకపోవచ్చు. సిగ్నల్ దగ్గర లారీ పక్కనున్న ఖాళీలోంచి ముందుకు దూరిపోవాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. దాని వెనకే, అద్దంలో డ్రైవర్ ముఖం మీకు కనిపించేంత దూరంలో ఆగండి. మీకు అతని ముఖం కనిపించకపోతే అతనికీ మీరు కనిపించరు. బస్ డిపో, గోడౌన్లు, పెద్ద నిర్మాణం జరుగుతున్న స్థలం ఉన్న రోడ్డును మొదటే పక్కన పెట్టడం ఇంకా మేలు. పగటిపూట లారీలను అనుమతించని నగరాల్లో అవి రాత్రే ఎక్కువగా తిరుగుతాయని కూడా గుర్తుంచుకోండి.

తర్వాత, ఆగిన కార్ల వరుస. కారు తలుపు తెరుచుకుంటే రోడ్డు మీదకు మీటరు దాకా వస్తుంది. దాన్ని తప్పించుకోబోయి వెనకొచ్చే బండి ముందు పడడం ఇంకా ప్రమాదం. కార్ల నుంచి మీటరు, మీటరున్నర ఎడంగా తొక్కండి. అంత చోటు లేని వీధైతే ఆ వీధినే వదిలేయండి. కార్యక్రమం జరిగే చోటు చుట్టుపక్కల ఈ ప్రమాదం మరీ ఎక్కువ. టాక్సీలు ఎక్కడపడితే అక్కడ ఆగుతాయి, దిగే హడావుడిలో ఎవరూ వెనక్కి చూడరు.

మూడోది, రోడ్డు మధ్యకు చేరి అవతలికి తిరగాల్సిన మలుపులు. నాలుగైదు లేన్ల రోడ్డులో చేయి చాచి, వెనక్కి చూస్తూ మధ్యకు జరగడం పగలే కష్టం. దానికి బదులు రెండు అంచెల్లో దాటండి. ముందు అంచునే నేరుగా జంక్షన్ దాటి, అవతలి మూల ఆగి, సైకిల్ తిప్పి, ఆ వైపు గ్రీన్ పడ్డాక వెళ్లండి. డెన్మార్క్‌లో సైకిలిస్టులు తిరగాల్సిన పద్ధతే ఇది. ఒక సిగ్నల్ ఆలస్యమవుతుంది, అంతే. జంక్షన్ మరీ పెద్దదైతే దిగి, సైకిల్ నడిపించుకుంటూ జీబ్రా క్రాసింగ్ మీద దాటండి.

ట్రామ్ పట్టాలో రైలు పట్టాలో అడ్డొస్తే వాటికి వీలైనంత లంబంగా, నేరుగా అడ్డం దాటాలి. ఏటవాలుగా వెళ్తే ముందు చక్రం సందులో దిగిపోతుంది. వాన పడి ఉంటే పట్టాలు, మ్యాన్‌హోల్ మూతలు, రోడ్డు మీద వేసిన పెయింటు గీతలు అన్నీ జారుతాయి. వాటి మీద బ్రేకు వేయకండి, హ్యాండిల్ తిప్పకండి.

మ్యాప్ చెప్పనివి

గూగుల్ మ్యాప్స్‌లో సైకిల్ దారుల సదుపాయం కొన్ని దేశాల్లోనే ఉంది. మీ చోట లేకపోతే నడక దారి, కారు దారి రెండూ తెరిచి పోల్చండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా నడిచే సైక్లోఎస్ఎం (CyclOSM) లాంటి మ్యాపులు సైకిల్ దారులను, రోడ్డు రకాన్ని విడిగా చూపిస్తాయి. ఆ సమాచారం మనలాంటివాళ్లు స్వచ్ఛందంగా నింపిందే కాబట్టి ఒక వీధిలో పూర్తిగా ఉంటుంది, పక్క వీధిలో ఏమీ ఉండదు. సైకిల్ తొక్కేవాళ్లు, పరిగెత్తేవాళ్లు తమ ప్రయాణాలు నమోదు చేసుకునే స్ట్రావా యాప్ హీట్‌మ్యాప్‌లో మెరిసే రోడ్లు చూసి మోసపోకండి. అక్కడ ఎక్కువమంది తొక్కారని మాత్రమే దాని అర్థం. వాళ్లలో చాలామంది వ్యాయామం కోసం వేగంగా తొక్కేవాళ్లు, తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద వెళ్లేవాళ్లు. రాత్రిపూట మీకు ఆ రోడ్డు ఎలా ఉంటుందో ఆ వెలుగు చెప్పదు.

మ్యాప్‌లో కనిపించే వీధి ఫొటోలు పగలు తీసినవి. వాటిలో రోడ్డు వెడల్పు, డివైడర్, పార్కింగ్ చూసుకోవచ్చు. వీధి దీపాలు వెలుగుతాయా, షాపులు ఎప్పుడు మూస్తారు, కుక్కలు ఎక్కడ వెంటపడతాయి అన్నవి అందులో తెలియవు. పార్కులోంచి, చెరువుగట్టు మీదుగా వెళ్లే దారులను మ్యాప్ ఉత్సాహంగా సూచిస్తుంది. పగలు అవి హాయిగా ఉంటాయి, రాత్రి గేటు మూసేస్తారు. గేటు తెరిచే ఉన్నా, దీపాలు లేని, మనిషి కనిపించని దారిలో ఒంటరిగా వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. రాత్రి దారి ఎంచుకోవడానికి నేను పెట్టుకునే కొలత ఒక్కటే: బండ్లు తక్కువ, మనుషులు ఎక్కువ. ఎనిమిదింటికి కళకళలాడే వీధి పదిన్నరకు అలాగే ఉంటుందా అన్నది కూడా చూడాలి. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు ఇది ట్రాఫిక్ కంటే పెద్ద విషయం కావచ్చు. అలాంటప్పుడు కాస్త ట్రాఫిక్ ఉన్నా వెలుతురున్న రోడ్డునే ఎంచుకోవడం సరైనదే, అందులో సంకోచించాల్సిందేమీ లేదు.

ఇవన్నీ తేలే మార్గం ఒకటే. కార్యక్రమానికి రెండు మూడు రోజుల ముందు, అదే గంటకు, అదే దిక్కులో ఒకసారి వెళ్లి రండి. ఆదివారం పొద్దున వెళ్లి చూస్తే లాభం లేదు. మొత్తం దారి కుదరకపోతే, మీకు అనుమానమున్న ముక్క ఒక్కటైనా రాత్రిపూట చూసి రండి. ఎక్కడ ఆగవచ్చో కూడా గుర్తుపెట్టుకోండి: పెట్రోల్ బంక్, ఆసుపత్రి, రాత్రంతా తెరిచి ఉండే షాపు. టైరు పంక్చరైతే అక్కడికి నడిచి వెళ్లి ఫోన్ చేసుకోవచ్చు.

వెళ్లేటప్పుడు ఎండ, వచ్చేటప్పుడు చీకటి

కార్యక్రమం సూర్యాస్తమయం వేళకైతే, మీరు పడమర దిక్కుగా వెళ్తున్నారేమో చూసుకోండి. మీ కళ్లలో ఎండ పడితే మీరు జాగ్రత్త పడతారు. మీ వెనక వచ్చే డ్రైవర్ కళ్లలోనూ అదే ఎండ పడుతోంది, అతనికి ముందున్న మీరు సరిగ్గా కనిపించరు. ఆ అరగంట వేరే దిక్కులో సాగే వీధులు పట్టండి, లేదా కాస్త ముందే బయల్దేరండి.

లైట్ల విషయంలో 1968 నాటి వియన్నా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం సైకిల్‌కి ముందు తెలుపు లేదా పసుపు లైటు, వెనక ఎరుపు లైటు, ఎరుపు రిఫ్లెక్టర్, గంట ఉండాలంటుంది. ఇది కనీసం. మీ ప్రాంతపు నియమం వేరుగా ఉంటే అదీ తెలుసుకోండి. ముందు లైటును కాస్త కిందికి వంచి పెట్టండి, ఎదుటివాళ్ల కళ్లలో కొట్టకూడదు. దీపాలు లేని రోడ్డు మీద మిణుకుమనే లైటు కంటే నిలకడగా వెలిగేది మేలు, మీరెంత దూరంలో ఉన్నారో ఎదుటివారికి అందుతుంది. మీ లైటు ఎంత దూరం చూపిస్తుందో దాన్ని బట్టే మీ వేగం ఉండాలి. గంటకు 25 మీద వెళ్తే సెకనుకు ఏడు మీటర్లు దాటేస్తారు. లైటు పది మీటర్లే చూపిస్తుంటే, గుంత కనబడి చేయి బ్రేకు మీదకు వెళ్లేసరికే దాని దగ్గర ఉంటారు. బ్యాటరీ బయల్దేరేముందు కాదు, ముందు రోజు రాత్రే నింపండి. వెళ్లేటప్పుడు వాడిన చార్జింగ్ పోను తిరిగి రావడానికి సరిపోవాలి.

బట్టల గురించి ఒక అపోహ ఉంది. మెరిసే పచ్చ, నారింజ రంగు జాకెట్ పగలు, సంధ్యవేళ బాగా పనిచేస్తుంది. అది సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాల వల్ల మెరిసే రంగు. రాత్రి ఆ మెరుపు ఉండదు. రాత్రి కావలసింది రిఫ్లెక్టర్ పట్టీలు. వాటిలోనూ చీలమండలకు కట్టుకున్నవి ఎక్కువ ఉపయోగం. పెడల్‌తో పాటు పైకీ కిందికీ కదులుతుంటే అక్కడ మనిషి ఉన్నాడని డ్రైవర్ తొందరగా గుర్తుపడతాడు. పైగా వదులు ప్యాంటు చైన్‌లో పడకుండా పట్టి ఉంచుతాయి. అయితే రిఫ్లెక్టర్ తన మీద పడ్డ కాంతిని వచ్చిన వైపుకే పంపుతుంది. పక్క సందులోంచి వచ్చే బండి లైటు మీ మీద పడదు, కాబట్టి అతనికి మీరు కనిపించరు. లైట్లకు అది బదులు కాదు.

కార్యక్రమం అయ్యాక

అందరితోపాటు గేటు దగ్గరికి పరిగెత్తకండి. మొదటి ఇరవై నిమిషాలు బండ్లు వెనక్కి తీయడం, యూ-టర్న్‌లు, ఫోన్ చూస్తూ నడిచేవాళ్లు, ఎవరి తొందర వారిది. ఆ కాసేపు లోపలే కూర్చోండి, నీళ్లు తాగండి. లేదా జనం తక్కువున్న వైపు గేటునుంచి సైకిల్ నడిపించుకుంటూ రెండు వీధులు దాటి అక్కడ ఎక్కండి. పెద్ద కార్యక్రమాలకు పోలీసులు రోడ్లు మళ్లిస్తారు, ఆ వివరాలు ఉదయమే చూసుకుంటే మీరు ఎంచుకున్న ప్రశాంతమైన వీధిలోకే ట్రాఫిక్ అంతా మళ్లిందేమో తెలుస్తుంది.

వెలుతురులోంచి చీకటిలోకి రాగానే కళ్లు పూర్తిగా అలవాటు పడవు, దానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. మొదటి కిలోమీటరు మెల్లగా తొక్కండి. ఎదురుగా హెడ్‌లైట్ కొడితే దానివైపు చూడకుండా మీ వైపు రోడ్డు అంచును చూడండి. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ వద్దు. దారి తెలియాలంటే మలుపులు ముందే గుర్తుపెట్టుకోండి, మ్యాప్‌ను ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి ఉంచండి. జనం ఎక్కువున్న చోట నెట్ అందకపోవచ్చు.

ఇంకో మాట, ఇది ఇంట్లోనే నిర్ణయించుకోవాలి: ఏం జరిగితే సైకిల్ మీద తిరిగి రాకూడదు? గట్టి వాన, వెనక లైటు ఆగిపోవడం, మద్యం తాగడం, కళ్లు మూతలు పడేంత నిద్ర. వీటిలో ఏ ఒక్కటి జరిగినా సైకిల్ అక్కడే వదిలి బస్సులోనో టాక్సీలోనో రండి. ఆ సమయానికి ఆలోచిద్దామనుకుంటే, అలసిపోయిన మనసు "ఏం కాదులే, పోదాం" అంటుంది. అందుకని తాళం వేసే చోటు కూడా రాత్రంతా సైకిల్ ఉంచగలిగేదై ఉండాలి: దీపం కింద, కదలని ఇనుప కడ్డీకి, ఫ్రేమును, చక్రాన్ని కలిపి గట్టి యూ-తాళం వేసి, లైట్లు ఊడదీసి జేబులో వేసుకోండి. ఆ స్థలం రాత్రి మూసేస్తారేమో వెళ్లగానే కాపలా మనిషిని అడగండి.