ఒడిశాలోని బరంపురం వెళ్లి నాన్నకి మందులు తెచ్చిన విధానం (నా అనుభవం)

మాది ఇచ్ఛాపురం పక్కన పల్లె. నాన్నకి బీపీ, షుగర్ మాత్రలకే నెలకి 2,000 దాటేది. చేతిలో డబ్బు లేని నెల ఆయన మాకు చెప్పకుండా రోజు విడిచి రోజు వేసుకున్నారు. అది తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. షాపు మార్చాం, డిస్కౌంట్ అడిగాం, ఆన్‌లైన్‌లో వెతికాం. పెద్దగా తేడా రాలేదు.

పని చేసింది ఇది. అట్ట మీద కంపెనీ పెట్టిన పేరు వదిలేసి, సన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు డోసుతో సహా రాసుకున్నా: టెల్మిసార్టన్ 40, మెట్‌ఫార్మిన్ 500 ఎస్ఆర్. ఆ ఎస్ఆర్ మర్చిపోవద్దు, అది మెల్లగా విడుదలయ్యే రకం, మామూలు మాత్ర వేరు. ఆ కాగితం డాక్టరుగారికి చూపించి, చీటీ అవే పేర్లతో రాయించుకున్నా. అసలు మందు పేరుతోనే తక్కువ ధరకి అమ్మే, కేంద్ర ప్రభుత్వ పథకం కింద నడిచే దుకాణాలే జన్ ఔషధి కేంద్రాలు. వాటి జన్ ఔషధి సుగమ్ యాప్‌లో ధరలు చూసుకుని, పొద్దున్నే రైలెక్కా. బరంపురం పాతిక కిలోమీటర్లే. అక్కడి జన్ ఔషధి కేంద్రం కౌంటర్లో తెలుగులోనే మాట్లాడారు. ఒక్కో అట్ట తిప్పి పేరు, డోసు, ఎక్స్‌పైరీ కాగితంతో సరిచూసుకుని బిల్లు తీసుకున్నా. మూడు నెలల మందులు 1,500 లోపే వచ్చాయి. వేసుకునే ముందు మళ్లీ డాక్టరుగారికి చూపించాం.

అందరికీ ఇలాగే కుదురుతుందని చెప్పలేను. ఫిట్స్, థైరాయిడ్ మందులైతే డాక్టరు ఒప్పుకోకుండా అస్సలు మార్చకండి. జన్ ఔషధి ధరలు దేశమంతా ఒకటే కాబట్టి మీ దగ్గరి కేంద్రంలో స్టాక్ ఉంటే సరిహద్దు దాటక్కర్లేదు. మాకు ఆ వారం దగ్గర్లో దొరకలేదు, అందుకే వెళ్లాం.